పొట్ట చర్మానికి ఊతమిచ్చే లోదుస్తుల గురించి దొడ్డమ్మ రాసిన లేఖ

పాలకొల్లు

చి.సౌ. అమ్మాయికి దొడ్డమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫోనులో చెప్పీ చెప్పకుండా వదిలేసిన సంగతి నాకు అర్థమైంది. రెండేళ్లలో 40 కిలోలు తగ్గావని ఊరంతా మెచ్చుకుంటుంటే, పొట్ట మీది చర్మం మాత్రం లంగా నాడా మీదుగా జారుతూ ఉందని, శ్రావణంలో మీ మరిది పెళ్లికి పట్టుచీర కట్టాలంటేనే దిగులుగా ఉందని అన్నావు. నేనూ పన్నెండేళ్ల క్రితం బరువు తగ్గించే ఆపరేషన్ తరువాత 110 కిలోల నుంచి 68కి దిగినదాన్నే కనుక, ఈ విషయంలో నా దగ్గర సిగ్గుపడవలసిన పని లేదు.

ఏ బెల్టూ, ఒంటిని బిగించి పట్టే ఏ షేప్‌వేరూ సాగిన చర్మాన్ని తిరిగి బిగించదు. ఏళ్ల తరబడి సాగిన చర్మంలో దానికి పట్టునిచ్చే కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు దెబ్బతిని ఉంటాయి. పైనుంచి నొక్కినంత మాత్రాన అవి మళ్లీ పుట్టవు. లోదుస్తు చేయగలిగిన పనులు మూడు: వేలాడే బరువును మోయడం, మడతలో చర్మంతో చర్మం ఒరుసుకోకుండా ఆపడం, చీర నిలిచేలా చూడడం. మొదటి రెండూ కుదిరితే మూడోది దానంతటదే కుదురుతుంది. దుకాణంలో మాత్రం అందరూ ఆ మూడోదాన్నే చూపించి అమ్ముతారు.

నేను మొదట మోసపోయింది అక్కడే. ఒక సైజు తక్కువది తీసుకుంటే ఇంకా సన్నగా కనిపిస్తారని దుకాణంలోని అమ్మాయి చెబితే నమ్మి, వైశాఖమాసపు పెళ్లికి దాన్ని తొడుక్కుని వెళ్లాను. తలంబ్రాల వేళకు పై అంచు చుట్టలా చుట్టుకుని పక్కటెముకల కింద తాడులా కోసింది. కింది అంచు నుంచి చర్మం బయటికి పొంగింది. చిన్న సైజు చర్మాన్ని మోయదు, పక్కకు తోస్తుందంతే. విప్పి మళ్లీ తొడుక్కోవడం పెద్ద యజ్ఞమని ఆ రోజంతా మంచినీళ్లు కూడా తాగకుండా గడిపాను. నీళ్లు మానేసి, మూత్రాన్ని అలా బిగబట్టుకోవడం ఎంత చెరుపో నీకు తెలుసు. అందుచేత ఒంటిముక్కగా ఉండే రకం కొనవలసి వస్తే, కింద తెరుచుకునే వీలుందో లేదో ముందు చూడు. లేకపోతే నడుము పైవరకు వచ్చే హై వెయిస్ట్ రకమే నయం.

కొలత తీసేటప్పుడు అద్దం ముందు ఊపిరి బిగపట్టవద్దు. ఉదయం ఏమీ తినకముందు, టేపును బొడ్డు మీదుగా ఒకసారి, చర్మం బాగా వేలాడేచోట ఒకసారి, పిరుదుల మీదుగా ఒకసారి తిప్పి కొలువు. తరువాత కుర్చీలో కూర్చుని బొడ్డు కొలత మళ్లీ తీసుకో. కూర్చున్నప్పుడు వచ్చే ఆ పెద్ద అంకెను బట్టే సైజు ఎంచుకోవాలి, ఎందుకంటే పెళ్లిలో మనం గంటల తరబడి చేసేది కూర్చోవడమే. తొడుక్కున్నాక అంచు కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. నీ బరువు ఇంకా తగ్గుతూ ఉంటే ఒకేసారి మూడు నాలుగు కొనకు. మూడు వరుసల కొక్కేలు ఉన్నది ఒకటి కొంటే ముందు బయటి వరుస, తగ్గినకొద్దీ లోపలి వరుస పెట్టుకోవచ్చు.

తొడుక్కునే పద్ధతి చాలామందికి తెలియదు. నిలబడి పైకి లాగితే చర్మం కిందికి నలిగి, మడత ఇంకా లోతవుతుంది. మంచం మీద వెల్లకిలా పడుకుంటే చర్మం దానంతటదే పైకి జరుగుతుంది. అప్పుడు ఒక చేత్తో దాన్ని బొడ్డు వైపు ఎత్తి పట్టి, రెండో చేత్తో వస్త్రాన్ని పైకి తెచ్చి, ఆ బరువంతా దానిలో కూర్చునేలా సర్దుకోవాలి. ఇదొక్కటి నేర్చుకుంటే సగం బాధ పోతుంది.

ఇక మన ఊళ్ల ఉక్కపోత సంగతి. చుట్టూ కాలవలు, చెరువులు, తడి పొలాలు. వానాకాలంలో ఒంటి మీది చెమట ఆరే దారే ఉండదు. ఊడ్పుల్లో బురదలో నాని వేళ్ల సందులు తెల్లబడి చెడినట్టే, పొట్ట మడత కింద కూడా చర్మం నాని, ఎర్రబడి, ఆపైన ఫంగస్ పడుతుంది. నైలాన్, రబ్బరులా సాగే స్పాండెక్స్ దారం కలిసిన గట్టి రకం బాగా మోస్తుంది గాని గాలి ఆడనివ్వదు. నూలులో కొద్దిగా స్పాండెక్స్ కలిసినది గాలి ఆడనిస్తుంది గాని సాయంత్రానికి సాగిపోతుంది. నేను బయటికి వెళ్లేటప్పుడు మొదటిదాన్ని, ఇంట్లో రెండోదాన్ని వాడతాను. ఏది తొడిగినా మడతలో మెత్తని పాత నూలు చీర ముక్కను పరిచి, తడిసినప్పుడల్లా మార్చుకుంటాను. స్నానం తరువాత ఆ చోటును రుద్దకుండా అద్ది, పూర్తిగా ఆరనిచ్చాకే తొడుక్కో. గోదావరి వాళ్లం కనుక మనకు అన్నిటికీ కొబ్బరినూనే మందు. మడతలో మాత్రం రాయవద్దు, తడిని అక్కడే నిలుపుతుంది. పౌడరు దట్టంగా చల్లినా చెమటతో ముద్ద కడుతుంది. ఎర్రగా మారి దురద పెడితే, మందుల దుకాణంలో అడగ్గానే చేతిలో పెట్టే స్టెరాయిడ్ కలిసిన క్రీములు అసలు వాడకు; మొదట దురద తగ్గినట్టుంటుంది, తరువాత ఫంగస్ మరింత వ్యాపిస్తుంది. చర్మవైద్యుణ్ణి చూడు.

లంగా నాడాను పొట్ట జారకుండా బిగించి కట్టే అలవాటు నీకూ ఉంది, మీ అమ్మకూ ఉంది. ఒకేచోట ఏళ్ల తరబడి కోసుకుపోయిన చర్మం పుండుపడి, అరుదుగా క్యాన్సరుగా మారిన సంగతిని 2024లో మన దేశపు వైద్యులే ఒక వైద్య పత్రికలో రాశారు. నాడా బదులు వెడల్పు పట్టీ కుట్టించు. చీర కింద వేసుకునే సాగే షేప్‌వేర్ లంగాలకు నాడా బాధ లేదు గాని, అవి తొడలను పట్టినంతగా పొట్టను మోయవు; లోపల ఊతమిచ్చేది వేరుగా ఉండవలసిందే.

మొదటి వారం రోజుకు గంటా రెండు గంటలు చాలు. అలవాటయ్యాక కూడా ఎనిమిది గంటలు మించనివ్వకు, రాత్రి విప్పేసి పడుకో. తొడ బయటివైపు తిమ్మిరి, మంట, అన్నం తిన్నాక గొంతులోకి పులుపు రావడం, ఊపిరి అందకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే విప్పెయ్యి. బొడ్డు దగ్గర ఉబ్బు కనిపించి దగ్గినప్పుడు పెరిగితే అది హెర్నియా కావచ్చు. దాని మీద బెల్టు బిగించే ముందు సర్జన్‌కు చూపించాలి. చర్మాన్ని తీసేసే ఆపరేషన్ గురించి అడిగావు: బరువు కనీసం ఆరు నెలలు ఒకచోట నిలిచాకే దాని మాట.

ఉతకడం చెబుతాను. చన్నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరవెయ్యి. ఎండ, వేడినీళ్లు సాగే గుణాన్ని చంపేస్తాయి. వానల్లో రోజున్నర దాకా ఆరవు కనుక రెండు మూడు జతలు లేనిదే గడవదు.

కొలతలు తీసి కాగితం మీద రాసి పంపించు. వచ్చే వారం రాజమండ్రి తాడితోటకు వెళుతున్నాను. దుకాణాల్లో చూసి, వెనక్కి తీసుకుంటామంటేనే తెస్తాను. ఈలోగా నా పాత బండారులంక నూలు చీరను ముక్కలు చేసి మీ బాబాయితో పంపుతున్నాను. బాగా ఉతికి నలిగి మెత్తబడ్డది, మడతలో హాయిగా ఉంటుంది.

ఆశీస్సులతో,
దొడ్డమ్మ