మేస్త్రి అడిగింది ఎక్కడ పోయింది?

పర్లాకిమిడి

బాబూ,

ఇళ్ల నిర్మాణం మీద క్లబ్బు పెట్టిన సభ గురించి గుణుపురం నుంచి నువ్వు పంపిన రచన అందింది. మొదటి పేజీ చదివి పక్కన పడేశాను. క్లబ్బు అధ్యక్షుల వారు, కార్యదర్శి వారు, జ్యోతి ప్రజ్వలన, శాలువా, మెమెంటో... పెళ్లి శుభలేఖకి కూడా ఇన్ని పేర్లు అక్కర్లేదు. ఇంజినీరు గంటసేపు మాట్లాడితే నువ్వు రాసింది ఒక్క వాక్యం: "పర్యావరణహిత గృహ నిర్మాణ ఆవశ్యకతను సోదాహరణంగా వివరించారు." ఏమిటయ్యా ఆ ఉదాహరణ?

రాత్రి మళ్లీ తీశాను. చివరి పేజీలో, అదీ బ్రాకెట్లలో, వెనక బెంచీ తాపీమేస్త్రి కనిపించాడు. "గోడ మద్దెన బోలు వొగ్గేస్తే ఎలకలూ పాములూ సేరవా బాబూ?" భోజనాలకి వేళయిందన్నారు అధ్యక్షులు. నువ్వూ లేచి భోజనానికి వెళ్లిపోయావు! అతని మాట దిద్దకుండా రాశావు, సంతోషం. మిగతాదంతా చింపెయ్.

తక్కువ ఖర్చు ఇళ్ల ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో ప్రచారంలోకి తెచ్చిన కట్టుడు గురించే ఆ ఇంజినీరు చెప్పి ఉంటాడు. ఇటుకని పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెడతారు. తొమ్మిదంగుళాల గోడ లోపల ఖాళీ మిగులుతుంది. ఇటుక సుమారు 25 శాతం ఆదా, ఎండ వేడి తొందరగా లోపలికి దిగదు. అడుగు వరసా, కిటికీ కింద వరసా, కిటికీ పైన లింటెల్ దగ్గరా బోలు లేకుండా కట్టేస్తారు గనక ఎలక దూరదు. కానీ మేస్త్రి బాధ అక్కడితో తీరదు. సిమెంటు మాలు ఖాళీలోకి జారకుండా పలక అడ్డం పెట్టుకుంటూ కట్టాలి. అలవాటయ్యేదాకా రోజుకి లేచే వరసలు తగ్గుతాయి. ఆ తగ్గిన కూలి ఎవరిస్తారు? రాయాల్సింది అదీ.

సభ గురించి రాసేవాడు వేదికకి వీపు పెట్టి కూర్చోవాలని నా పట్టుదల. దానివల్ల బాగుపడింది లేదనుకో. విలేకరిగా ఉన్న రోజుల్లో ఇక్కడి వార్త పంపితే "అది ఒరిస్సా కదండీ" అనేవాడు ఎడిటరు, 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలుపుతూ గీత గీసింది నేనే అన్నట్టు. అతిథుల పేర్లున్న వార్త మాత్రం ఠంచనుగా పడేది. క్లబ్బులవాళ్లు కట్టలు కట్టలు కాపీలు కొనేవారు మరి. 2018లో తిత్లీ తుఫానుకి రేకులు ఎగిరిపోయిన ఒకావిడ నాతో అంది: "రేకు కాల్తాదనీ తెలుసు, ఎగురుతాదనీ తెలుసు. తాటాకు కప్పీవోడు దొరికితే కదా!" పేజీన్నర రాసి పంపాను. పరామర్శకొచ్చిన నాయకుడి ఫొటో కింద మూడు లైన్లు వేశారు. ఆవిడ మాట లేదు.

ఇప్పుడింకో ఫ్యాషను, మట్టిల్లే స్వర్గమని రాయడం. నువ్వూ సవర గూడెంలో ఎర్రమట్టి గోడలు, వాటి మీది బొమ్మలు చూసి మురిసిపోయావు. వానలు వెలిశాక ఆ గోడలు మెత్తి అలికేదెవరు? ఆ ఆడవాళ్లని అడిగావా?

నువ్వడిగిన కలంపేరు సంగతి, పోటీల సంగతి తర్వాత చూద్దాం.

ఆ మేస్త్రి ఎక్కడ పనిలో ఉన్నాడో కనుక్కో. పొద్దున్నే, మాలు కలిపే వేళకి వెళ్లు. కూలి రోజుకా, అడుగు లెక్కనా అడుగు. సొంతిల్లు దేంతో కట్టుకున్నాడో అడుగు. రాసి మళ్లీ పంపు.

వారపత్రిక ఎడిటరుకి సిఫార్సు ఉత్తరం రాయమన్నావు. ఆయనకీ నాకూ మాటల్లేవు. నా పేరెత్తితే నీకు ఉన్న అవకాశమూ పోతుంది.