రంగు తర్వాత, ముందు బూడిద తీయండి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ ఆవిరి ఇంజిన్ల మీదే వచ్చాయి. చిన్న రైలు షెడ్డులో ఫిట్టర్‌గా పనిచేసి, పర్లాకిమిడిలో స్థిరపడిన నాకు ఇంతకన్నా సంతోషం లేదు. మూడింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అడవుల్లో కలప లాగడానికి ప్రత్యేకమైన రైలింజిన్లు ఉండేవట. మా తాతగారు ఎక్కిన గుణుపురం చిన్న బండి ఇంజిన్‌కీ వాటికీ తేడా ఏమిటి? వందేళ్లు దాటినా కొన్ని ఇంకా నడుస్తున్నాయంటే ఎలా మిగిలాయి?
– డిగ్రీ విద్యార్థిని, కాశీనగర్

జవాబు: అమ్మా, మీ తాతగారు ఎక్కిన బండి పర్లాకిమిడి మహారాజావారు వేయించిన లైను. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వచ్చింది, 1931లో గుణుపురం చేరింది. పట్టాల మధ్య రెండున్నర అడుగుల వెడల్పు. మన ఇంజిన్లలో సిలిండర్ నుంచి వచ్చే రాడ్డు నేరుగా చక్రాన్ని తిప్పుతుంది. నేల చదునుగా ఉన్నచోట దానికి తిరుగులేదు.

అడవి లైను సంగతి వేరు. చెట్లు నరికే చోటు మారినప్పుడల్లా పట్టాలు పీకి ఇంకోచోట పరుస్తారు. కట్ట గట్టిగా ఉండదు, మలుపులు ఇరుకు, ఎక్కుడు ఎక్కువ. అలాంటి దారిలో రాడ్డు ఇంజిన్‌కి చక్రాలు జారతాయి, లేదంటే పట్టా తప్పుతాయి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు కలప వ్యాపారి ఎఫ్రాయిమ్ షే దీనికి ఉపాయం ఆలోచించి 1881లో పేటెంట్ తీసుకున్నాడు. ఆయన సిలిండర్లను కుడిపక్కన నిలువుగా పెట్టాడు. వాటి కింద ఇంజిన్ పొడుగునా ఒక షాఫ్ట్ ఉంటుంది. దాని నుంచి పళ్ల చక్రాల ద్వారా ప్రతి ఇరుసుకీ బలం అందుతుంది. షాఫ్ట్ మధ్యమధ్యలో వంగే కీళ్లు ఉంటాయి కాబట్టి మలుపుల్లో ఇబ్బంది లేదు. కుడివైపు బరువుకి సరితూగేలా బాయిలర్‌ని కాస్త ఎడమకి జరిపి బిగించారు. ఎదురుగా నిలబడి చూస్తే ఇంజిన్ వంకరగా కనిపిస్తుంది, కానీ ఆ వంకరలోనే ఉంది తెలివంతా. వేగం తక్కువ, లాగుడు ఎక్కువ. ఒహాయోలోని లైమా కార్ఖానా 1945 దాకా ఇలాంటి షే ఇంజిన్లు 2,700కి పైగా తయారుచేసింది.

ఇక ఎలా మిగిలాయంటావా. చాలావాటికి ఆ అదృష్టం పట్టలేదు. కలప అయిపోతే కంపెనీ మూసేసేది, ఇంజిన్ తుక్కుకి పోయేది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇనుముకి గిరాకీ పెరిగి ఇంకెన్నో కరిగిపోయాయి. మిగిలినవాటిలో కొన్నింటిని దూరం కాపాడింది. అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రంలో ఈగిల్ లేక్ దగ్గర అడవిలో రెండు పెద్ద రాడ్డు ఇంజిన్లు ఈనాటికీ నిలబడి ఉన్నాయి. 1933లో పని ఆగిపోయింది. అంత లోపలి నుంచి వాటిని బయటికి తెచ్చే ఖర్చు తుక్కు ధరకి మించిపోతుందని వదిలేశారు. పైనున్న షెడ్డు 1969లో కాలిపోయింది. అప్పటి నుంచి ఎండా మంచూ వాటి మీదే.

అవి మిగిలాయే గాని బతకలేదు. బతికినవి చూడాలంటే వెస్ట్ వర్జీనియాలో కాస్ అనే ఊరికి వెళ్లాలి. అక్కడి కలప మిల్లు 1960లో మూతపడింది. లైను తుక్కు కంపెనీ చేతికి పోయింది, పట్టాలు తీయడం కూడా మొదలైంది. రైళ్లంటే ప్రాణమిచ్చే కొందరూ ఊరివాళ్లూ పట్టుబట్టి రాష్ట్ర ప్రభుత్వం చేత కొనిపించారు. 1963 నుంచి కలప బళ్లలో మనుషుల్ని కొండెక్కిస్తున్నారు. 1905లో తయారైన అయిదో నంబర్ షే అక్కడే ఉంది. కొన్నిచోట్ల నూరడుగులకి పదకొండడుగులు ఎక్కే దారి అది! మామూలు రైలుకి నూటికి మూడడుగుల ఎక్కుడు వస్తేనే డ్రైవర్‌కి టెన్షన్.

మనకి దగ్గర చుట్టం లాంటిది తైవాన్‌లో అలీషాన్ అడవి రైలు. 1912లో జపాన్‌వాళ్లు సైప్రస్ జాతి చెట్ల దుంగల కోసం మొదలుపెట్టారు. గేజ్ మన పర్లాకిమిడి రైలుదే, అదే రెండున్నర అడుగులు! లైమా నుంచి తెప్పించిన షే ఇంజిన్లలో 25, 26, 31 నంబర్లవి మళ్లీ ఆవిరి పట్టేలా బాగుచేసుకున్నారు. రొమేనియాలో విషేవు దె సుస్ దగ్గర చిన్న గేజ్ లైను మీద ఇప్పటికీ దుంగలు దిగుతున్నాయి, యాత్రికులకి ఆవిరి బండి నడుపుతున్నారు. పని ఉన్న ఇంజిన్‌కి నూనె పోసేవాడు ఉంటాడు, మరమ్మతు తెలిసినవాడు పక్కన ఇంకొకడికి నేర్పుతాడు. మన లైనుని 2004లో బ్రాడ్‌గేజ్ కోసం ఆపారు. 2011లో గుణుపురానికి పెద్ద బండి వచ్చింది. రావలసిందే, నేనూ అందులోనే తిరుగుతున్నాను. అయినా వంశధార ఒడ్డున నాలుగు మైళ్లు చిన్న పట్టాలు ఉంచి, పండగలకైనా ఒక బండి నడిపి ఉంటే అలీషాన్‌వాళ్లలా మన పిల్లలూ ఆ పని నేర్చుకునేవాళ్లు. ఆ బాధ నాకు తగ్గలేదు.

ప్రశ్న: మన దేశంలో కలప కోసమే వేసిన రైలు ఉండేదా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఉండేది. కొచ్చి సంస్థానం వేసిన అటవీ ట్రామ్‌వే పరంబికుళం అడవుల నుంచి చాలకుడి దాకా టేకు దించేది. మీటర్ గేజ్, జర్మనీలో ఓరెన్‌స్టైన్ కొప్పెల్ తయారీ ఇంజిన్లు. నిటారు వాలుల్లో ఇంజిన్‌తో పనిలేదు. తాడుకి ఒక కొసన దిగే నిండు బండి, రెండో కొసన ఉన్న ఖాళీ బండిని పైకి లాగేది. 1963లో మూసేశారు.

ప్రశ్న: మా ఊరి పాత కలప మిల్లు చేతులు మారింది. వెనక దొడ్డి శుభ్రం చేస్తుంటే పొదల్లో ఆవిరి ఇంజిన్ బయటపడింది. అడవి నుంచి దుంగలు లాగిన రైలింజిన్ అని పెద్దలు అంటున్నారు. నాలుగు ఇనుప చక్రాలు, బాయిలర్ మీద ఒక పక్కగా పెద్ద చక్రం ఉన్నాయి. కొత్త యజమాని బడికి ఇస్తానన్నాడు. పిల్లలు రంగులకి చందాలు పోగుచేస్తున్నారు. జనవరి 26కి గేటు దగ్గర నిలబెట్టాలని మా కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఉపాధ్యాయుడు, గుణుపురం

జవాబు: మాస్టారూ, ఆ పిల్లలకి నా ఆశీస్సులు చెప్పండి. రంగు డబ్బాలు మాత్రం ఇప్పుడే కొననివ్వకండి.

ముందు అది ఏమిటో చూద్దాం. చక్రం లోపలి అంచు చుట్టూ పట్టా తప్పకుండా ఆపే గట్టు ఉందా? మీరు రాసిన పెద్ద చక్రాన్ని బట్టి ఉండదనే నా అనుమానం. చక్రాలు నున్నగా ఉండి, సిలిండర్ బాయిలర్ నెత్తిన ఉండి, ముందు ఇరుసు బండి ఇరుసులా అటూ ఇటూ తిరుగుతుంటే అది రైలింజిన్ కాదు. ఎడ్లతో ఒకచోటి నుంచి ఇంకోచోటికి లాక్కెళ్లి, పెద్ద చక్రానికి బెల్టు తగిలించి రంపం తిప్పే ఇంజిన్. పెద్దలు నిరాశపడొద్దు. దుంగని లాగకపోయినా దుంగని కోసింది అదే. దాన్ని కాపాడే పద్ధతీ రైలింజిన్‌దే.

ఏదీ కదపకముందు నాలుగు వైపులా, అడుగునా ఫోటోలు తీయండి. తయారీ పలక లేకపోయినా రాడ్డు కొసల మీద నంబర్లు కొట్టి ఉంటాయి, గుడ్డతో తుడిచి రాసుకోండి. ఇత్తడి, రాగి సామాను ఏమున్నా విప్పి, చీటీ కట్టి, బడి బీరువాలో తాళం వేయండి. విజిల్, ఆవిరి ఒత్తిడి చూపే గేజ్, బాయిలర్‌లోకి నీళ్లెక్కించే ఇంజెక్టర్ ఒక్క రాత్రిలో మాయమవుతాయి.

తర్వాత బూడిద. దీని మీద ఎంత చెప్పినా తక్కువే. పొగగొట్టం కింది స్మోక్‌బాక్స్‌లో, ఫైర్‌బాక్స్ మూలల్లో పాత బూడిద, మసి ఉండిపోతాయి. మన వానాకాలపు తేమ తగిలితే ఆ మసి యాసిడ్‌లా మారి రేకుని తినేస్తుంది. ఒక ఊరి పార్కులో ఏటా తళతళలాడే రంగు వేసే ఇంజిన్ చూశాను. పైన అద్దంలా ఉంది. స్మోక్‌బాక్స్ తలుపు తెరిస్తే అడుగు రేకు వేలితో పొడిస్తే ఊడొచ్చింది. వేసేవాళ్లకి ప్రేమ లేక కాదు, తలుపు తెరవాలని ఎవరూ చెప్పలేదు. మీరు తెరవండి. ముక్కుకి మాస్కు కట్టుకుని పొడి బూడిద అంతా తీయించండి. బాయిలర్ అడుగు ప్లగ్గులు విప్పి నీళ్లు వదిలేయండి, తర్వాత ప్లగ్గులు మళ్లీ బిగించకండి, గాలి ఆడనివ్వండి. పొగగొట్టం మీద రేకు మూత పెట్టండి.

ఒక జాగ్రత్త. బాయిలర్ తొడుగు కింద తెల్లగా పీచులానో పిండిలానో కనిపిస్తే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. ఊపిరితిత్తులకి ప్రమాదం. గోకొద్దు, ఊడ్చొద్దు. ఆ పని తెలిసినవాళ్లు వచ్చి తీసేదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఎవరెంత ఉత్సాహపరిచినా నిప్పు మాత్రం వేయకండి. రేకు మందం కొలిచి, ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోనిదే పాత బాయిలర్‌లో ఆవిరి పట్టడం ప్రాణాలతో చెలగాటం.

తరలించేటప్పుడు గొలుసు పొగగొట్టానికో పెద్ద చక్రానికో కట్టి లాగితే పోత ఇనుము పగులుతుంది. గేటు దగ్గర ఎండా వానా తగులుతాయి కాబట్టి సైకిళ్ల షెడ్డు లాంటి రేకు కప్పు కింద, సిమెంటు గచ్చు మీద పెట్టండి. రాడ్లకి గ్రీజు పట్టించండి. ఊడే తుప్పు వైర్ బ్రష్‌తో తీశాక రెడ్ ఆక్సైడ్, అది ఆరాక పిల్లలు కొన్న నలుపు వేయండి. జనవరికి కాకపోతే ఆగస్టు 15 ఉంది.

చక్రాల ఫోటో, రాడ్డు మీది నంబర్లు పత్రికకి పంపండి. ఏ కాలపుదో తెలిసినంతవరకు వచ్చే సంచికలో రాస్తాను.