విధాన సంఘంలో తత్వవేత్తకు ఏం పని?

ప్రశ్న: ఫలితం మంచిదైతే చాలునని కొందరు తత్వవేత్తలు, ఫలితం ఏదైనా ధర్మం తప్పకూడదని మరికొందరు రెండు శతాబ్దాలకు పైగా వాదించుకుంటూనే ఉన్నారు. తమలో తామే తేల్చుకోలేనివారిని ప్రభుత్వాలు విధాన సంఘాల్లో ఎందుకు కూర్చోబెడతాయి? లెక్కలు తెలిసిన ఆర్థికవేత్తలు సరిపోరా?

జవాబు: మీ సందేహం సబబైనదే. అయితే తత్వవేత్త తనకు నచ్చిన సిద్ధాంతాన్ని కొలబద్దలా పట్టుకొచ్చి, విధానాన్ని కొలిచి, ఒప్పో తప్పో చెప్పేసి వెళ్లిపోతాడని మీరు అనుకుంటున్నట్టున్నారు. అలాంటివారు లేకపోలేదు గానీ, వారి వల్ల సంఘానికి ఒరిగేది తక్కువ.

ముందు లెక్కల సంగతి చూద్దాం. ఏ చికిత్సకు ఎంత సొమ్ము వెచ్చించవచ్చో తేల్చడానికి ఆరోగ్య ఆర్థికవేత్తలు, ఎన్నేళ్లు బతుకుతారో, ఆ ఏళ్లు ఎంత ఆరోగ్యంగా గడుస్తాయో కలిపి కొలిచే ‘క్వాలీ’ అనే కొలమానాన్ని వాడతారు. పూర్తి ఆరోగ్యంతో గడిచే ఏడాది విలువ 1. ఆరోగ్యం సగానికి సగం దెబ్బతిన్న ఏడాది విలువ 0.5. ఇంతవరకు పక్షపాతమేమీ కనిపించదు. ఇప్పుడు ప్రాణాపాయంలో ఉన్న ఇద్దరిని ఊహించండి. చికిత్స అందితే ఇద్దరూ మరో 20 ఏళ్లు బతుకుతారు. కానీ ఒకరికి ముందునుంచీ ఉన్న వైకల్యం కారణంగా ఏడాదికి 0.5 మాత్రమే పడుతుంది. వైకల్యం లేనివారిని కాపాడితే 20, ఉన్నవారిని కాపాడితే 10. గుణకారంలో తప్పేమీ లేదు, అయినా వైకల్యం ఉన్న మనిషి ప్రాణం సగం విలువే చేస్తుందన్న మాట, ఎవరూ నోరు తెరిచి అనకుండానే, పట్టికలోకి వచ్చి కూర్చుంది. దానిని బయటికి లాగి, ‘మనం దీనికి ఒప్పుకుంటున్నామా?’ అని అడగడం లెక్కతో అయ్యే పని కాదు.

పోనీ, లెక్క మానేసి మంచి మనుషుల విచక్షణకు వదిలేస్తే? 1960ల ఆరంభంలో అమెరికాలోని సియాటిల్‌లో అదే చేశారు. డయాలిసిస్ యంత్రాలు కొన్నే ఉండి, అవి అందకపోతే చనిపోయే రోగులు ఎక్కువమంది ఉండటంతో, వైద్యపరంగా అర్హులైనవారిలో ఎవరిని ఎంచాలో నిర్ణయించే పని పేర్లు బయటపెట్టని ఏడుగురు సభ్యుల సంఘానికి అప్పగించారు. వారు ఉద్యోగం, సంపాదన, పిల్లల సంఖ్య, చివరికి చర్చికి వెళ్లే అలవాటును కూడా పరిశీలిస్తున్నారని 1962లో పత్రికకెక్కడంతో తీవ్ర విమర్శలు వచ్చాయి. ఆ సభ్యులు దుర్మార్గులని నేననుకోను. తమలాంటివారే యోగ్యులుగా కనిపించడం మంచివాళ్లకూ తప్పని జబ్బు. 1971లో అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ విస్తరించి చెప్పిన ‘అజ్ఞానపు తెర’, అంటే తన స్థానం ఏమిటో తెలియదనుకుని నియమాలు ఎంచుకోవాలన్న ఆలోచన, ఇలాంటి చోటే అక్కరకొస్తుంది. తాను ఆ రోగుల్లో ఎవరినవుతానో తెలియని మనిషి చర్చి హాజరును అర్హతగా ఒప్పుకుంటాడా? అంతకంటే చీటీలు వేయడమే మేలంటాడు.

ఇక మీరు అడిగిన అసలు విషయం, తేలని వాదాల గురించి. మానవ పిండాలపై పరిశోధనను అనుమతించవచ్చా అన్న ప్రశ్నతో సహా కృత్రిమ గర్భధారణ వ్యవహారాలను పరిశీలించడానికి బ్రిటన్ 1982లో నియమించిన సంఘానికి తత్వవేత్త మేరీ వార్నాక్ అధ్యక్షత వహించారు. పిండం ఎప్పుడు మనిషి అవుతుందన్న వాదంలో కూరుకుపోకుండా, దానిపట్ల మనం ఎలా నడుచుకోవాలన్న వైపుకు ఆమె చర్చను మళ్లించారు. శరీర నిర్మాణానికి తొలి గుర్తుగా సన్నని గీత సుమారు 15వ రోజున కనిపిస్తుంది. అప్పటివరకు పిండం రెండుగా చీలి కవలలయ్యే వీలుంటుంది. అందుకే 14 రోజులు దాటాక పరిశోధన కూడదని 1984 నివేదిక చెప్పింది, 1990లో అది చట్టమైంది. 14కూ 13కూ మధ్య స్వభావంలో తేడా ఏమీ లేకపోవచ్చు, కానీ చట్టానికి లెక్కపెట్టగలిగే గీటు ఒకటి కావాలి. పరిశోధనే వద్దన్న సభ్యులు తమ అసమ్మతిని విడిగా రాశారు. అదీ ఆ నివేదికతో పాటే అచ్చయింది.