డయాలసిస్‌లో ఉన్నవారికి కాంట్రాస్ట్ ఇచ్చే ముందు మూత్రం ఎంత వస్తోందో అడగాలి

డయాలసిస్ ఎలాగూ జరుగుతోంది కనుక సీటీ స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనిపించేందుకు ఇచ్చే కాంట్రాస్ట్ మందు వల్ల కిడ్నీలకు కొత్తగా జరిగే నష్టం ఏముంటుందని మీరు అడిగారు. మూత్రం పూర్తిగా ఆగిపోయినవారి విషయంలో మీ మాట నిజమే. కానీ డయాలసిస్ మీద ఉంటూనే రోజూ మూత్రం వచ్చేవారు చాలామంది ఉన్నారు. మా నాన్నగారు వారిలో ఒకరు కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

ఆయన పెరిటోనియల్ డయాలసిస్‌లో (పొట్టలోకి బ్యాగుతో ద్రవం నింపి తీసే పద్ధతి) ఉండగా కడుపునొప్పి ఎంతకీ తగ్గకపోవడంతో కాంట్రాస్ట్‌తో సీటీ తీయాలన్నారు. స్కాన్ గది బయట ఇచ్చిన పత్రంలో డయాలసిస్ జరుగుతోందా అన్న గడి ఉంది గానీ, మూత్రం వస్తోందా అన్న గడి లేదు. నేను అవునని గుర్తు పెట్టగానే అక్కడి ఉద్యోగి "అయితే ఇక కిడ్నీల గురించి చూడాల్సింది ఏమీ లేదు, లోపలికి రండి" అన్నాడు. నాన్నగారు రోజూ మూత్రం కొలిచి రాసుకునే నోటుపుస్తకాన్ని నేను బల్ల మీద తెరిచి పెట్టాను. ప్రతి పేజీలోనూ అర లీటరుకు పైబడిన అంకెలే ఉన్నాయి. "ఈ మాత్రం వస్తోంది కాబట్టే నేను దాహం తీరా నీళ్లు తాగగలుగుతున్నాను బాబూ" అని నాన్నగారు ఆ అబ్బాయితో నెమ్మదిగా చెప్పారు. రేడియాలజిస్టు బయటకు వచ్చి, ఆ పుస్తకం చూసి, మా నెఫ్రాలజిస్టుకు (కిడ్నీ వైద్యుడికి) ఫోన్ చేశారు. స్కాన్ ఆపవద్దని, కాంట్రాస్ట్ అవసరమైనంత మేరకే ఇవ్వాలని, ఆ రోజు ఒంట్లోంచి నీరు ఎక్కువగా లాగే బ్యాగు వాడవద్దని, నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి ఇవ్వనే కూడదని ఆ నెఫ్రాలజిస్టు చెప్పారు. ఆ తర్వాత మూత్రం కొద్ది రోజులు కాస్త తగ్గి, మళ్లీ మునుపటి స్థాయికి వచ్చింది. ఈ జాగ్రత్తల వల్లనే అది నిలిచిందని నా నమ్మకం.

ఆ కాస్త మూత్రానికి ఇంత పట్టుదల ఎందుకంటే, రక్తాన్ని బయట శుద్ధి చేసే హీమోడయాలసిస్ యంత్రం వారంలో కొన్ని గంటలే పనిచేస్తుంది, కిడ్నీలో మిగిలిన పనితీరు రాత్రింబవళ్లు సాగుతుంది. ప్రొటీన్లను అంటిపెట్టుకుని ఉండే విషపదార్థాలను డయాలసిస్ సరిగా తీయలేదు, కిడ్నీ తీయగలదు. పెరిటోనియల్ డయాలసిస్ రోగులపై కెనడా, అమెరికాల్లో జరిగిన కానుసా అధ్యయనాన్ని 2001లో తిరిగి విశ్లేషించినప్పుడు, రోజుకు అదనంగా వచ్చే ప్రతి 250 మిల్లీలీటర్ల మూత్రానికీ మరణ ప్రమాదం 36 శాతం తక్కువగా కనిపించింది.

అలాగని భయపడి అవసరమైన స్కాన్‌ను వాయిదా వేయడం అంతకంటే పెద్ద తప్పు. కాంట్రాస్ట్ వల్ల కిడ్నీకి కలిగే ముప్పును ఇన్నాళ్లూ ఎక్కువ చేసి చెప్పారని అమెరికాలోని రేడియాలజిస్టుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ, నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2020లో కలిసి ప్రకటించాయి. నన్ను బాధపెట్టేది ఏమిటంటే, కాంట్రాస్ట్ గురించి ఇంత చర్చించేవారే నొప్పి మాత్రలను, డయాలసిస్‌లో పదేపదే బీపీ పడిపోవడాన్ని పట్టించుకోరు. కిడ్నీలో మిగిలిన పనితీరును రోజువారీగా హరించేవి అవే.

స్కాన్ అయిన వెంటనే డయాలసిస్ చేయించాలన్న హడావిడి కూడా చాలాచోట్ల అనవసరం. సీటీలో వాడే అయోడిన్ కాంట్రాస్ట్ డయాలసిస్‌లో బయటకు పోతుంది గానీ, అలా తీసేయడం వల్ల కిడ్నీకి రక్షణ కలుగుతుందని రుజువు కాలేదు. గుండె బాగా బలహీనంగా ఉన్నవారికి, చాలా ఎక్కువ మోతాదు ఇచ్చినవారికి తప్ప మామూలు షెడ్యూలు సరిపోతుంది.

ఎంఆర్ఐలో వాడే గాడోలినియం అనే కాంట్రాస్ట్ సంగతి వేరు. కొన్ని పాత రకాలకూ, చర్మాన్ని గట్టిపరిచే ఎన్ఎస్ఎఫ్ అనే జబ్బుకూ ఉన్న సంబంధం 2006లో బయటపడింది. గాడోబ్యుట్రాల్, గాడోటెరేట్ వంటి రకాలతో ఆ ప్రమాదం అతి స్వల్పం. అయినా హీమోడయాలసిస్ రోగులకు ఆ స్కాన్‌ను తర్వాతి డయాలసిస్‌కు కాస్త ముందుగా పెట్టుకోవడం మంచిది, కాబట్టి సమయం ఖరారు చేసేటప్పుడే మీ డయాలసిస్ రోజులు వారికి చెప్పండి.