పాత పికప్‌కు కొత్త మోడల్ హెవీ యాక్సిల్ సరిపోతుందా?

కడపలో బండలు తోలే పాత పికప్‌కు కొత్త మోడల్‌లోని బరువైన వెనుక యాక్సిల్ (చక్రాల ఇరుసు) బిగించవచ్చా అని అడిగారు. బిగించవచ్చు, అయితే పాత సామాన్ల అంగడిలో బేరమాడే ముందే టేపు పట్టుకొని, కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) కూర్చునే ప్యాడ్ల మధ్య దూరాన్ని, డ్రమ్ముల మధ్య వెడల్పును కొలిచి, వీల్ స్టడ్లు (చక్రం బిగించే బోల్టులు) ఎన్నో చూసుకోవాలి. ప్యాడ్లను కోసి మళ్లీ వెల్డింగ్ చేయవలసి వస్తే పినియన్ (ఇంజను వైపు నుంచి వచ్చే షాఫ్టు తిప్పే చిన్న పళ్లచక్రం) వాలు మారకూడదు; మారితే ఆ షాఫ్టు కీళ్లలోని జాయింట్ క్రాసులు త్వరగా అరిగిపోతాయి.

అసలు తిరకాసు క్రౌన్ పినియన్ నిష్పత్తిలో, అంటే యాక్సిల్‌లోని పెద్ద పళ్లచక్రం (క్రౌన్) ఒక చుట్టు తిరగడానికి పినియన్ ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్కలో ఉంది. ఒక హబ్బును కదలకుండా పట్టి, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, సుద్దముక్కతో గీత పెట్టిన పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే అది తెలుస్తుంది. క్రౌన్‌కు 41, పినియన్‌కు 10 పళ్లుంటే 4.10, పినియన్‌కు 9 అయితే 4.56. రెండోది కడప దగ్గరి గువ్వలచెరువు ఘాటు రోడ్డును లోడుతో సులువుగా ఎక్కిస్తుంది గానీ, చదును రోడ్డుపై ఇంజను ఎక్కువ తిరుగుతుంది. స్పీడోమీటరు గేర్‌బాక్సు నుంచి నడిచే బండిలో, పాత 4.10 స్థానంలో ఇది వేస్తే, ముల్లు 60 చూపినప్పుడు నిజవేగం సుమారు 54. ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి ముందు యాక్సిల్ నిష్పత్తి కూడా ఇదే ఉండాలి.

కొత్త యాక్సిల్‌తో వచ్చే వీల్ సిలిండర్లు (చక్రాల దగ్గర బ్రేకులను నొక్కేవి) పెద్దవైతే, వాటికి బ్రేకు నూనె పంపే పాత మాస్టర్ సిలిండర్ చాలక బ్రేకు పెడల్ లోతుకు దిగుతుంది. ఆర్సీలోని బరువు పరిమితి మాత్రం యాక్సిల్‌తో పెరగదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ మార్పుల గురించినదే గనుక, ముందుగా రవాణా కార్యాలయంలో విచారించండి.