పరాయి దేశం ఓటు గురించి మాట్లాడే ముందు

అమ్మడూ,

ఆశీస్సులు. మంత్రిగారి దగ్గర ప్రకటనలు రాసే పని నీకు వచ్చినందుకు చాలా సంతోషం. ఇంకో దేశంలో ఎన్నికలు దగ్గరపడ్డాయి, మనం కూడా ఏదో ఒకటి అనాలని ఆయన పట్టుబడుతున్నారని రాశావు. 30 ఏళ్లు ఇదే పని చేసినవాణ్ని కాబట్టి నాకు తోచింది చెప్తున్నాను.

ముందు ఒక్కటే చూసుకో: ఈ మాట ఎవరికి పనికొస్తుంది? ఎవరు గెలవాలని మంత్రిగారు కోరుకుంటున్నారో వాళ్లకి కాదు, చాలాసార్లు అవతలివాళ్లకే. అర్జెంటీనా సంగతే తీసుకో. 1945లో అక్కడ అమెరికా రాయబారిగా పనిచేసిన స్ప్రూయిల్ బ్రాడెన్‌కి అక్కడి నాయకుడు పెరోన్ అంటే అస్సలు పడేది కాదు, ఆ సంగతి దాచుకోనూ లేదు. మరుసటి ఏడాది ఎన్నికల ముందు పెరోన్ వర్గం మీద ఆరోపణలతో అమెరికా విదేశాంగ శాఖ ఒక పుస్తకమే విడుదల చేసింది. పెరోన్‌కి ఇంకేం కావాలి? "బ్రాడెనా, పెరోనా?" అన్న నినాదం ఎత్తుకుని గెలిచాడు. పోటీలోనే లేని బ్రాడెన్‌ని ప్రత్యర్థిని చేసేశాడు.

2016 ఏప్రిల్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా లండన్ వెళ్లారు. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొస్తే అమెరికాతో వాణిజ్య ఒప్పందం కోసం బ్రిటన్ క్యూలో చివర నిలబడాల్సి వస్తుందన్నారు. పక్కన అప్పటి బ్రిటన్ ప్రధాని కామెరాన్ ఉన్నారు. అమెరికావాళ్లు మామూలుగా 'లైన్' అంటారు, 'క్యూ' అనేది బ్రిటిష్‌వాళ్ల మాట. బ్రిటన్‌వాళ్లే రాసిచ్చి చదివించారని బయటికి పోదామనేవాళ్లు పట్టేసుకున్నారు. జూన్ 23న దీని మీద జరిగిన ఓటింగ్‌లో 51.9 శాతం మంది బయటికే ఓటేశారు. ఆ ఒక్క మాట వల్లే అలా జరిగిందని నేననను, అలా లెక్క తేల్చడం ఎవరి వల్లా కాదు. ఆపుదామని అన్న మాట మాత్రం ఆపలేదు. "నిర్ణయం మీది. ఏ నిర్ణయమైనా మీతో కలిసి పనిచేస్తాం. కొత్త ఒప్పందానికి మాత్రం టైం పడుతుంది" అని ఉంటే? సమాచారం అదే, బెదిరింపు ఉండేది కాదు.

1995లో క్యుబెక్ రాష్ట్రం కెనడా నుంచి విడిపోవాలా అన్న ఓటింగ్‌కి ముందు అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఇంచుమించు అలాగే చేశారు. ఇది కెనడావాళ్లు తేల్చుకోవాల్సిన సొంత విషయం అంటూనే కెనడా ఎంత మంచి భాగస్వామో చెప్పారు. మొగ్గు ఎటో అందరికీ తెలిసింది. కానీ బెదిరించాడు అనడానికి అందులో ఒక్క మాట దొరకదు.

ఇక ఉత్తరాల సంగతి. ప్రైవేట్‌గా రాసేదే కదా అనుకోకు. 1888లో వాషింగ్టన్‌లో బ్రిటన్ దూత శాక్‌విల్-వెస్ట్‌కి కాలిఫోర్నియా నుంచి ఉత్తరం వచ్చింది: నేను ఇంగ్లండ్‌లో పుట్టినవాణ్ని, ఎవరికి ఓటెయ్యమంటారు? అని. పాపం, ఆయన మళ్లీ పోటీలో ఉన్న అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ వైపు మొగ్గుతూ జవాబిచ్చాడు. ఆ ఉత్తరం రాసింది మారుపేరుతో అవతలి పార్టీవాడు! జవాబు పోలింగ్ ముందు పేపర్లకెక్కింది. క్లీవ్‌లాండే ఆ దూతని సాగనంపాడు, తర్వాత తనూ ఓడిపోయాడు. (ఇప్పుడైతే ఉత్తరం కూడా అక్కర్లేదు, ఒక స్క్రీన్‌షాట్ చాలు.) రాయబారులు ఆతిథ్య దేశం అంతర్గత వ్యవహారాల్లో తలదూర్చకూడదని 1961 వియన్నా ఒప్పందం 41వ అధికరణలోనే ఉంది. అది మంత్రిగారికి వర్తించదు. అందుకే నాకు ఆయన గురించే టెన్షన్.

అభినందనల్లో తొందర కూడా ప్రమాదమే. 2004లో ఉక్రెయిన్‌లో అధికారిక ఫలితం రాకముందే రష్యా అధ్యక్షుడు పుతిన్ అభ్యర్థుల్లో ఒకరైన యనుకోవిచ్‌ని అభినందించారు. తర్వాత సుప్రీంకోర్టు మళ్లీ పోలింగ్ పెట్టమంది, ప్రత్యర్థి యుష్చెంకో గెలిచారు. నేనూ ఒకసారి లెక్కింపు సగంలో ఉండగానే అభినందన రాసి పంపించాను. ఆధిక్యం తారుమారైంది. గెలిచినాయన దగ్గరికి మా అధికారి వెళ్లినప్పుడు ముందు ఆ కాగితమే బల్ల మీద పెట్టారట. తప్పు పూర్తిగా నాదే.

మరి అన్యాయం జరుగుతున్నా నోరు మూసుకోవాలా అంటావు. అక్కర్లేదు. రిగ్గింగ్ జరిగితే, విలేకరుల్ని అరెస్టు చేస్తే, పరిశీలకుల నివేదిక చేతిలో పెట్టుకుని గట్టిగానే మాట్లాడొచ్చు. పద్ధతి గురించి మాట్లాడాలి, అభ్యర్థి గురించి కాదు. మన మిత్రులు గెలిచినప్పుడు కూడా అదే గొంతుతో మాట్లాడగలగాలి, లేకపోతే ఎవరూ నమ్మరు.

నువ్వు పంపిన చిత్తు చదివాను. రెండో పేరాలో "ప్రజలు సరైన నిర్ణయం తీసుకుంటారని ఆశిస్తున్నాం" అని ఉంది. 'సరైన' అంటే రెండోది తప్పని చెప్పినట్టే. ఆ దేశ భాషలోకి అనువాదం చేయించి, అక్కడి మన రాయబార కార్యాలయంలో ఎవరి చేతనైనా పైకి చదివించుకుని విను, ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో తెలుస్తుంది. ఆ వాక్యం తీసేసి, మంత్రిగారు ఒప్పుకుంటే, రేపు సాయంత్రంలోగా మళ్లీ పంపు.

నీ మామయ్య