పల్లెలో ఉంటూ పుస్తకం తేవాలంటే సిటీకి మారాలా?

మొదటి నవల అచ్చుకు సిద్ధంగా ఉంది, పబ్లిషర్ సిటీలో, మీరు పల్లెలో, పుస్తకం బయటికొచ్చేదాకా మూడు నెలలు అక్కడికి మారిపోవాలా అని అడిగారు. అక్కర్లేదు. రెండుసార్లు వెళ్లొస్తే చాలు. నా కిందటి పుస్తకం పల్లెలో కూర్చునే తెచ్చాను. కొన్ని పనులు ఇక్కడ ఉన్నందుకే బాగా కుదిరాయి, ఒకటి ఇక్కడ ఉన్నందుకే చెడింది.

ముందు చెడిందే చెప్తాను, ఎందుకంటే అది మీకు జరగకూడదు. మా ఇంట్లో సిగ్నల్ డాబా మీద ఒక మూల మాత్రమే వస్తుంది. అక్కడ నిలబడి, లైన్ తెగుతూ ఉంటే, అక్షరాల సైజు 11 పాయింట్ల నుంచి 12కి పెంచమని పేజీలు కట్టేవారికి (కంప్యూటర్లో పేజీలు అమర్చేవారికి) ఫోన్లో చెప్పాను, పెద్దవాళ్లు కూడా చదువుకోవాలని. అవతల సరే అన్నారు. దాంతో 192 పేజీల పుస్తకం 228 దగ్గర ఆగింది. అచ్చు 16 పేజీల ఫారాల్లో, అంటే ఒక్కో పెద్ద కాగితం మీద 16 పేజీల చొప్పున నడుస్తుంది కాబట్టి ఖాళీ పేజీలు తీసేసి, రెండు అధ్యాయాలు కాస్త సర్ది 224కి తెచ్చారు. ఇదంతా బాగానే జరిగింది, కానీ కవర్ అప్పటికే 192 పేజీల లెక్కన తయారై ఉంది, కవర్ చేసేవారికి ఈ మార్పు ఎవరూ చెప్పలేదు. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల) కాగితం ఒక్కొక్కటి సుమారు 0.1 మిల్లీమీటరు మందం ఉంటుంది, పెరిగిన 32 పేజీలంటే 16 కాగితాలు, అంటే పుస్తకం వెన్ను ఒకటిన్నర మిల్లీమీటరు పైనే పెరిగింది. వినడానికి చిన్నదే. వెన్ను మీద పేరు మాత్రం 500 కాపీల్లోనూ పక్కకు జరిగిపోయి ఉంది, ఇప్పటికీ అల్మరాలో చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఫోన్లో ఏం అనుకున్నా పది నిమిషాల్లోపు మెసేజ్ రాసి, పేజీలు కట్టేవారికీ కవర్ చేసేవారికీ ఇద్దరికీ పంపిస్తాను. సిటీలో ఉన్నవాళ్లు నడుచుకుంటూ వెళ్లి కంప్యూటర్ పక్కన నిలబడి చూసేస్తారు, మనకది కుదరదు, కాబట్టి మనం అనుకున్న ప్రతిదీ రాతలో ఉండాల్సిందే.

ఇక ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దడానికి ఇచ్చే పేజీలు. ఇక్కడే పల్లె మీకు పెద్ద వరం. ఫోన్లో పీడీఎఫ్ చూసి ఓకే చెప్పకండి, ప్రింటు తెప్పించుకోండి, ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా సరే. నేను పొద్దున్నే, ఇంకా ఎవరూ పిలవని వేళలో, రోజుకు ఇరవై పేజీలు పైకి చదివేవాణ్ణి. కంటికి దొరకని తప్పు నోటికి తగులుతుంది. పక్కింటి పెద్దాయన అరుగు మీద కూర్చుని వింటూ ఉండేవారు, ఒకరోజు ఆపి "బాబూ, నాగలి మేడి భూమిలో దిగడమేంటి, దిగేది కర్రు, మేడి చేత్తో పట్టుకునేది" అన్నారు. అప్పటికి ఆ వాక్యాన్ని ముగ్గురు చదివారు, నేను కనీసం పదిసార్లు చదివాను! పల్లె గురించి నవల రాసి ఆ ముక్క అలాగే అచ్చయి ఉంటే తలెత్తుకోలేకపోయేవాణ్ణి. మీ నవల్లో పొలం పనో, చేతిపనో ఉంటే ఆ పని చేసే మనిషికి ఆ పేజీలు చదివి వినిపించండి.

యూనికోడ్‌లో (ఫోన్లలో, కంప్యూటర్లలో ఇప్పుడు మామూలుగా వాడే తెలుగులో) టైప్ చేసి ఇచ్చారా? అయితే పేజీలు కట్టేటప్పుడు పాత ఫాంట్లలోకి మారుస్తారేమో ముందే కనుక్కోండి. అలా మార్చినప్పుడు లక్ష్మి, మత్స్యం లాంటి మాటల్లో, ఒకదాని మీద ఒకటి వచ్చే ఒత్తుల దగ్గర అక్షరాలు విరుగుతాయి. వాటి కోసమే ఒకసారి విడిగా చదవండి. రెండో ప్రూఫులో దిద్దిన చోటే కాకుండా ఆ పేరా మొత్తం చూడండి, ఒక మాట చేరితే కింది లైన్లన్నీ జరుగుతాయి. విషయసూచికలో పేజీ నంబర్లు అన్నిటికన్నా చివర సరిచూడాలి.

కవర్ బొమ్మలు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి, అచ్చుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలి. కరెంటు పోయే టైములు మీకు తెలిసే ఉంటాయి, పెద్ద ఫైళ్లు రాత్రే పెట్టేయండి.

వెళ్లాల్సిన రెండుసార్లు ఇవి. ఒకటి, కవర్ రంగుల ప్రింటు చూడ్డానికి, ఎందుకంటే ఫోన్ తెర మీద మెరిసే ఆకుపచ్చ రంగు, కాగితం మీదికొచ్చేసరికి వెలవెలబోతుంది. రెండోది మొదటి ఫారం అచ్చయ్యే రోజు.

ఎన్ని కాపీలు వేయాలనేది మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. అమెరికా రచయిత థోరో ఊరి బయట చెరువు దగ్గర ఉండి రాసుకున్న మొదటి పుస్తకం 1849లో 1000 కాపీలు వేయిస్తే, 1853లో 706 కాపీలు ఆయన ఇంటికే తిరిగొచ్చాయి. తక్కువతో మొదలుపెట్టండి. డెమీ సైజులో (మామూలు నవలల సైజు) నా 500 కాపీలే 140 కిలోలు దాటాయి, బండి ఊళ్లోకి వచ్చేసరికి వాన మొదలైంది, నలుగురు సాయం పడితేగానీ పెట్టెలు లోపలికి చేరలేదు. నేల మీద పెట్టకండి, చెదలు కిందనుంచే వస్తాయి. చెక్క బల్లలు వేసి, గోడకు జానెడు ఎడంగా పేర్చండి, నెలకోసారి అడుగు పెట్టెను తప్పకుండా విప్పి చూడండి.